పత్తాలాటలో పిల్లల్ని కూర్చోబెట్టుకోవచ్చా?

శ్రోతలందరికీ నమస్కారం. దసరా దగ్గర పడుతోంది కాబట్టి పండగ రాకముందే ఒక సంగతి మాట్లాడుకుందాం. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు హన్మకొండకో, కాజీపేటకో, నర్సంపేటకో, పరకాలకో ఇళ్ళకు వస్తారు. దసరా సాయంత్రం జమ్మి దగ్గరికి పోయొచ్చి, పెద్దల చేతుల్లో బంగారం పెట్టి కాళ్ళు మొక్కి, భోజనాలు అయ్యాక డాబా మీద చాప పడుతుంది. ఒకప్పుడు ఆ చాప మీద రమ్మీ, కాదంటే మూడు ముక్కలాట. ఈమధ్య పోకర్ కూడా వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే అన్న ఆన్‌లైన్‌లో చిప్స్ డబ్బా, అంటే పైసలకు బదులు పందెంలో పెట్టే బిళ్ళలు, తెప్పించుకుని ఉంటాడు, తలా ఐదు వందలు పెట్టి కూర్చుంటారు.

అప్పుడు ఇంటర్ చదివే తమ్ముడు వచ్చి చాప అంచున కూర్చుంటాడు. పదహారేళ్ళో, పదిహేడో ఉంటాయి. కాసేపు చూస్తాడు, ఎవరు ఏ ముక్క దాచారో ఊహిస్తాడు, ఇక ఆగలేక "అన్నా, నన్ను కూడా కలుపుకోండి" అంటాడు. జేబులో పండక్కి అమ్మమ్మ ఇచ్చిన పైసలు ఉన్నాయి. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఒకాయన "పోనీలే, పండగ కదా" అంటాడు, ఇంకొకాయన "వాళ్ళ నాయన ఇక్కడే ఉన్నాడుగా, ఆయన్నే అడుగు" అంటాడు. ఆ నాయనకు పదిమందిలో కాదనడం ఇబ్బంది. ఎవరూ గట్టిగా అవునని అనకుండానే పిల్లవాడు ఆటలోకి వచ్చేస్తాడు.

పైసలు పెట్టి ఆడే ఆట అయితే పద్దెనిమిది నిండని వాళ్ళను కలుపుకోవద్దన్నది నా మాట. ఐదొందల ఆటైనా సరే, పది రూపాయల ఆటైనా సరే. వాళ్ళ నాయన ఒప్పుకున్నా సరే. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి.

ముందు ఆట సంగతి. పోకర్‌లో మనవాళ్ళు ఎక్కువగా ఆడేది టెక్సాస్ హోల్డెమ్ అనే రకం. అవే 52 ముక్కలు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు, మధ్యలో ఐదు ముక్కలు అందరికీ కనబడేలా పరుస్తారు, మొదట మూడు, తర్వాత ఒకటి, చివరికి ఇంకొకటి. ఈ ఏడింటిలో మంచి ఐదు ఎవరికి కుదిరితే పైసలు వాళ్ళవి. ముక్కలు తెరిచిన ప్రతిసారీ పందెం పెంచే అవకాశం ఉంటుంది, "పది రూపాయల ఆటే కదా" అన్న మాట నిలవకపోయేది ఇక్కడే. లెక్క చూడండి. ఆరుగురు కూర్చున్నారు, తలా పది వేశారు, మధ్యలో అరవై. మూడు ముక్కలు తెరిచాక ఒకరు ముప్పై అన్నారు, ఇద్దరు సరే అన్నారు, 150 అయింది. తర్వాతి ముక్కకు ఒకరు ఎనభై అన్నారు, ఒక్కరే నిలబడ్డారు, 310. ఆఖరి ముక్కకు నూట యాభై, అవతలి వాళ్ళూ అంతే వేస్తే 610. చివరిదాకా ఉన్న ఇద్దరి జేబుల్లోంచి ఒక్కొక్కరివి 270 రూపాయలు పోయాయి, అదీ ఒక్క ఆటలో, నాలుగైదు నిమిషాల్లో. పిల్లవాడి దగ్గరున్న ఐదొందల్లో సగానికి పైగా అది. ఇందులో ఎవరూ మోసం చేయలేదు, ఆట నడిచేదే అలా.

"ఇది జూదం కాదు, స్కిల్ గేమ్" అనే వాళ్ళు ఉన్నారు. ఈ వాదన మన దగ్గర కొత్తది కాదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో 1967లోనే సుప్రీంకోర్టు రమ్మీలో నైపుణ్యం ఎక్కువని, మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేదని చెప్పింది. పోకర్‌లో తెలివి ఉందనే నేనూ నమ్ముతాను. ఎదుటివాడి చేతిలో ఏముందో అంచనా వేయడం, ఎప్పుడు ముక్కలు పడేసి పక్కకు తప్పుకోవాలో తెలియడం, ఇవన్నీ ఏళ్ళ తరబడి ఆడితే గానీ రావు. సరే, అదే నిజమైతే, పదేళ్ళుగా ఆడుతున్న ముప్పై ఐదేళ్ళ మనిషి ఎదురుగా నిన్నగాక మొన్న నేర్చుకున్న పదిహేడేళ్ళ పిల్లవాడిని కూర్చోబెట్టి పైసలు పెట్టమనడం ఏమిటి? అదృష్టం ఆట అంటే జూదంలోకి దింపినట్టు, తెలివి ఆట అంటే తెలియనివాడి పైసలు తీసుకున్నట్టు. ఎటు చూసినా మనం చేసేది సరైన పని కాదు.

చట్టం మాట కూడా రెండు ముక్కల్లో చెప్తాను. తెలంగాణలో గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, పైసలతో ఆడే ఆన్‌లైన్ రమ్మీ లాంటి ఆటలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం అయితే స్కిల్ అయినా, అదృష్టమైనా పైసలు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. మా ఇంట్లో మేం ఆడుకునేది ఆన్‌లైన్ కాదు కదా అంటారేమో. కాదు, నిజమే. కానీ గోవాలో లైసెన్స్ తీసుకుని నడిపే కాసినోలు కూడా 21 ఏళ్ళు నిండని వాళ్ళను లోపలికి రానివ్వకూడదు, అమెరికాలోని లాస్ వేగాస్‌లోనూ అదే వయసు. జూదం మీదే బతికే చోట్ల కూడా గుమ్మం దగ్గర వయసు అడుగుతుంటే, వాడు పుట్టినప్పటి నుంచి ఎత్తుకుని తిరిగిన మనం అడగకపోతే ఎట్లా?

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మాత్రం చట్టం కాదు, చాప మీద బంధువుల మధ్య జరిగేది. పోకర్‌లో ఎదుటివాళ్ళు సమానులు అయితేనే ఆట. ఇక్కడ ఒక పక్క కాక, ఒక పక్క పెద్ద బావ, ఎదురుగా మేనమామ. కాక వంద పెంచితే పిల్లవాడు ముక్కలు చూసి నిర్ణయం తీసుకోడు, కాక ఏమనుకుంటాడో అని తీసుకుంటాడు. పడేస్తే పిరికివాడంటారేమో, నిలబడి గెలిస్తే పెద్దాయన పైసలు తీసుకున్నట్టు ఉంటుందేమో. పెద్దవాళ్ళకూ ఇబ్బందే. జాలిపడి గెలిపించామా, వాడు తన తెలివితోనే గెలిచానని అనుకుంటాడు, మర్నాడు హాస్టల్‌లో అదే ధైర్యంతో కూర్చుంటాడు. గట్టిగా ఆడామా, పండక్కి ఇచ్చిన పైసలు మనమే లాక్కున్నట్టు అవుతుంది. ఇంకొకటి, పెద్దవాళ్ళకు లేచిపోయే దారి ఉంది, "పొద్దున డ్యూటీ ఉంది" అంటే ఎవరూ ఆపరు. పిల్లవాడు ఓడిపోతూ లేస్తే "అరే, అప్పుడే లేస్తున్నావా తమ్మీ" అని నలుగురూ నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడి ఇంకో ఆట, ఇంకో ఆట అని కూర్చుంటాడు. పక్కన ఎవరో "నేనిస్తా, తర్వాత ఇద్దువుగానీ" అని రెండు వందలు చేతిలో పెడతారు. బాకీ అక్కడ మొదలవుతుంది.

ఓడిపోవడం కంటే గెలవడం నాకు ఎక్కువ భయం. ఓడినవాడు కనీసం ఏడుస్తాడు, ఇంట్లో తెలుస్తుంది. మొదటి రాత్రే పన్నెండు వందలు గెలిచిన పిల్లవాడి సంగతి ఎవరికీ తెలియదు, వాడు సంతోషంగా ఉంటాడు, అందరూ భుజం తడతారు. జూదం అలవాటుతో బాధపడి వైద్యానికి వచ్చేవాళ్ళలో చాలామంది మొదట్లో ఒకసారి బాగా గెలిచిన సంగతి చెప్తారు, ఆ రోజును మళ్ళీ తెచ్చుకోవాలనే ఆడుతూ పోయామంటారు. జూదాన్ని వదల్లేకపోవడం ఒక జబ్బే. అమెరికా మానసిక వైద్యులు 2013లో దాన్ని మద్యం, డ్రగ్స్ వ్యసనాల వరసలోనే చేర్చారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనూ ఉంది. ఆవేశాన్ని పట్టి ఆపే మెదడు భాగం ఇరవై దాటాక కూడా ఇంకా ఎదుగుతూనే ఉంటుందని వైద్యులు చెప్తారు. పదిహేడేళ్ళ వాడికి తెలివి ఉండదని నేననడం లేదు, చాలాసార్లు మనకంటే లెక్క వాడికే బాగా వస్తుంది. ఇక చాలు అని లేవడమే వాడికి కష్టం.

చాప పక్కన సీసాలు, సిగరెట్లు కూడా ఉంటాయి కదా. దావత్ అంటే అంతే అని వదిలేయకండి. పద్దెనిమిది లోపు వాళ్ళ చేతికి మద్యం గానీ పొగాకు గానీ ఇస్తే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా కఠిన జైలు శిక్ష, లక్ష దాకా జరిమానా పడొచ్చు. ఒక్క గుక్కే కదా అంటూ ఇచ్చే మేనమామలకు ఈ సంగతి తెలియాలి.

ఇక దీనికి ఎదురుగా ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటేసి పోను. "మనం వద్దంటే వాడు హాస్టల్ గదిలోనో, ఫోన్‌లోనో ఆడతాడు, అంతకంటే మన కళ్ళ ముందు ఆడటం నయం కదా" అంటారు. ఇలా అనే వాళ్ళు ప్రేమతోనే అంటారు. వాడు బయట చూస్తాడన్నది నిజం, దాచిపెడితే దాగేది కాదు. కానీ కళ్ళ ముందు అన్నప్పుడు మనం ఏం చూస్తున్నాం? మన ముక్కలు మనం చూసుకుంటున్నాం. రాత్రి పన్నెండున్నరకు, నాలుగు వందలు పోగొట్టుకుని ఉన్నప్పుడు, పిల్లవాడి ముఖం ఎవరు చూస్తారు? పైగా ఇంట్లో, పెద్దల మధ్య, పండగ నాడు ఆడిన ఆట తప్పని వాడికి ఇక ఎవరు చెప్పినా ఎక్కదు. హాస్టల్‌లో స్నేహితుడు పిలిస్తే వాడి మనసులో వచ్చే మాట ఒకటే, మా ఇంట్లోనూ ఆడతాం.

అందుకని ఆట నేర్పండి, పైసలు మాత్రం వద్దు. పోకర్ నిజంగా మంచి ఆట, దాన్ని పిల్లలకు దాచాల్సిన అవసరం నాకు కనబడదు. మధ్యాహ్నం పూట, సీసాలు లేనప్పుడు, పెద్దలు పిల్లలు కలిసి కూర్చోండి. తలా యాభై చింతగింజలు పంచండి. అష్టాచెమ్మ ఆడిన ఇళ్ళే కదా మనవి, గింజలకు కొదవ లేదు. గింజలు అయిపోయినవాడు ఆ ఆట ముగిసేదాకా చూస్తూ కూర్చోవాలి, అప్పు ఇవ్వడం లేదు, చివర్లో గింజకు రూపాయి అని లెక్క కట్టడం లేదు, అన్నీ తిరిగి డబ్బాలోకే. అప్పుడు చూడండి వాడి తెలివి. చేతిలో రెండు ఇస్పేట్లు, కింద తెరిచిన మూడింటిలో రెండు ఇస్పేట్లు ఉన్నాయనుకోండి. ఐదు ముక్కలూ ఒకే గుర్తువి అయితే పోకర్‌లో అది బలమైన చేయి, అంటే వాడికి ఇంకొక్క ఇస్పేటు కావాలి. వాడికి కనబడని ముక్కలు 47, వాటిలో ఇస్పేట్లు 9. వచ్చే ఒక్క ముక్క ఇస్పేటు అయ్యే అవకాశం నూటికి 19, మిగిలిన రెండిటిలో ఒకటైనా అయ్యే అవకాశం దాదాపు 35. ఇంటర్ రెండో సంవత్సరం మ్యాథ్స్‌లో వాడు చదివే సంభావ్యత పాఠమే ఇది, చాప మీదికి వచ్చింది. నూటికి అరవై ఐదు సార్లు రాదన్న సంగతి కూడా వాడు అప్పుడే చూస్తాడు. ఆడపిల్లల్ని కూడా పిలవండి, వాళ్ళు వంటింట్లో ఉన్నారని వదిలేయొద్దు.

రాత్రి పైసల ఆట పెట్టేవాళ్ళు పెడతారు. మీ ఇంట్లో పెడుతున్నారంటే ఆ బాధ్యత మీదే, పిల్లవాడి తండ్రి మీదికి తోసేయకండి. ఆ రాత్రి అందరి ముందు చెప్పాల్సిన పని రాకుండా రెండు రోజుల ముందే ఫోన్ చేసి చెప్పేయండి: "బావా, రాత్రి ఆట ఉంది, పిల్లల్ని మాత్రం కూర్చోబెట్టం, మనోడికి ముందే చెప్పు." ఇంత చాలు. చాప దగ్గరికి వచ్చాక కాదంటే పిల్లవాడికి చిన్నతనం, ముందే తెలిస్తే ఏమీ ఉండదు. వచ్చే నెల పద్దెనిమిది నిండుతాయి అంటే వచ్చే నెల తర్వాతే రమ్మనండి. పద్దెనిమిది నిండిన రోజు నుంచి ఆడి తీరాలని కూడా ఎక్కడా లేదు, చదువుకునే పిల్లలు సొంత సంపాదన వచ్చేదాకా ఆగితే నాకింకా సంతోషం.

ఈపాటికే ఆడి బాకీ పడ్డ పిల్లలు కూడా వింటూ ఉండొచ్చు, తల్లిదండ్రులూ వింటూ ఉండొచ్చు. పందెం బాకీ కోర్టులో చెల్లదు, 1872 కాంట్రాక్ట్ చట్టం 30వ సెక్షన్ అదే చెప్తుంది, పెద్దవాళ్ళ బాకీ అయినా అంతే. పద్దెనిమిది లోపు వాళ్ళు చేసే ఒప్పందాలే చెల్లవు. ఇది తెలియకనే పిల్లలు భయపడి లోన్ యాప్‌ల జోలికి పోతారు, అమ్మ బీరువాలో చేయి పెడతారు. మీరు గెలిచినవాళ్ళలో ఉంటే పిల్లవాడి పైసలు రేపే తిరిగి ఇచ్చేయండి, నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి ఇవ్వండి, ఆ బాకీ మాట మళ్ళీ ఎత్తకండి. తండ్రికి తెలిస్తే కొట్టకండి, ఎంత పోయింది, ఎవరితో ఆడావు అని నెమ్మదిగా అడగండి, మొదటిసారి సగమే చెప్తాడు, రెండో రోజు మళ్ళీ అడగండి. ఆపలేకపోతున్నాడని, నిద్ర పట్టడం లేదని అనిపిస్తే టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, మనసుకు సంబంధించిన ఇబ్బందుల కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. నంబర్ 14416. ఇంకోసారి చెప్తున్నాను, రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.