మారుతి 800 క్రాంక్ ఆయిల్ సీల్: పొడిగా బిగిస్తే మళ్లీ కారుతుంది

(షాట్: ఇంజన్ టైమింగ్ వైపు, నూనె పట్టిన కవరు)

నమస్తే. 1983లో వచ్చి 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800లు మన ఊళ్లలో ఇంకా చాలానే తిరుగుతున్నాయి. వాటిలో తరచూ వచ్చే సమస్య ఇదిగో, క్రాంక్ ముందు సీల్ దగ్గర ఆయిల్ కారడం. క్రాంక్ అంటే ఇంజన్‌లో తిరిగే ప్రధాన షాఫ్ట్, అది బయటికి వచ్చే చోట ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగే సీల్. సీల్ మార్చిన కొద్ది రోజులకే మళ్లీ కారితే "డూప్లికేట్ సీల్ ఇచ్చాడు" అని షాపువాణ్ని తిడతాం. నన్నడిగితే చాలాసార్లు తప్పు సీల్‌ది కాదు, దాన్ని ఎక్కించిన తీరుది.

(క్లోజప్: చేతిలో కొత్త సీల్, లిప్పు వైపు)

లోపలి అంచు చూడండి, దీన్నే లిప్పు అంటాం. దాని వెనక సన్నటి స్ప్రింగు ఉంది. ఆ స్ప్రింగు వైపు ఎప్పుడూ ఇంజన్ లోపలికే ఉండాలి. ఇంజన్ తిరిగేటప్పుడు లిప్పుకీ షాఫ్ట్‌కీ మధ్య కంటికి కనిపించనంత పల్చటి ఆయిల్ పొర ఉంటుంది. ఆ పొర మీదే లిప్పు బతుకుతుంది. పొడిగా ఎక్కించి స్టార్ట్ చేశారనుకోండి, ఆయిల్ అక్కడికి చేరేలోపే రబ్బరు ఇనుముకి రాసుకుని వేడెక్కి కాలిపోతుంది. ఒకసారి కాలిన లిప్పు గట్టిపడిపోతుంది, ఇక షాఫ్ట్‌ని పట్టుకోదు.

(షాట్: పుల్లీ, బెల్ట్, స్ప్రాకెట్ తీసేశాక)

పాత సీల్ తీసేముందు అది ఎంత లోతులో కూర్చుందో గుర్తు పెట్టుకోండి. పీకేటప్పుడు స్క్రూడ్రైవర్ మొన షాఫ్ట్‌కి తగలకూడదు. చిన్న గీత పడినా చాలు, కొత్త సీల్ కూడా ఆ గీత వెంటే కారుతుంది.

ఇప్పుడు షాఫ్ట్ తుడిచి, లిప్పు ఆనే చోట గోరు అడ్డంగా గీసి చూడండి.

(క్లోజప్: షాఫ్ట్ మీద మెరిసే గీత, దాన్ని దాటుతున్న గోరు)

గోరు తట్టుకుందంటే పాత లిప్పు అక్కడ గాడి చేసిందన్నమాట. అదే గాడిలో కొత్త లిప్పు పెట్టి లాభం లేదు. చోటు ఉంటే సీల్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరిపి కూర్చోబెట్టండి. గాడి మరీ లోతుగా ఉంటే పైన పల్చటి స్టీల్ స్లీవ్ ఎక్కించుకోవాలి. తుప్పు మచ్చలు మాత్రమే ఉంటే సన్నటి ఎమరీ పేపర్ చాలు, కానీ షాఫ్ట్ చుట్టూ తిప్పుతూ రుద్దండి, పొడవునా వద్దు.

తర్వాత లిప్పు మొత్తానికి, షాఫ్ట్‌కి శుభ్రమైన ఇంజన్ ఆయిల్ వేలితో పట్టించండి. స్ప్రింగు ఉన్న గాడిలో కొద్దిగా గ్రీజు పెట్టండి, సుత్తితో తడుతున్నప్పుడు స్ప్రింగు ఎగిరిపోదు. లిప్పు మీద సిలికాన్ పేస్టు మాత్రం అస్సలు రాయొద్దు. సీల్ బయటి అంచు రబ్బరైతే దానికీ పేస్టు అక్కర్లేదు.

ఒక మాట. ఇదంతా స్ప్రింగు ఉన్న రబ్బరు సీల్ గురించే. కొత్త కార్లలో స్ప్రింగు లేకుండా వచ్చే టెఫ్లాన్ సీళ్లు పొడిగానే వేయాలి, వాటికి ఆయిల్ రాస్తే చెడుతుంది.

(షాట్: కీ గాడి మీద టేపు చుట్టడం)

షాఫ్ట్‌లో కీ, అంటే స్ప్రాకెట్ జారకుండా పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క, కూర్చునే గాడి అంచు బ్లేడులా ఉంటుంది. దాని మీద పల్చటి టేపు చుట్టి, ఆయిల్ రాసి, అప్పుడు సీల్ జార్చండి. ఎక్కాక టేపు తీసేయండి.

(క్లోజప్: సీల్ మీద పైపు ముక్క, మెల్లగా పడుతున్న సుత్తి దెబ్బలు)

సీల్ బయటి అంచుకి సరిపోయే సాకెట్ గానీ పైపు ముక్క గానీ పెట్టి, చుట్టూ సమానంగా, మెల్లగా తట్టండి. ఒక పక్క ముందు దిగితే బలవంతం చేయొద్దు, తీసి మళ్లీ మొదలుపెట్టండి. ఆయిల్‌లో తడిసిన టైమింగ్ బెల్ట్‌ని మాత్రం తుడిచి మళ్లీ వేయకండి, ఆ రబ్బరు దెబ్బతిని ఉంటుంది. కొత్తది కొనాల్సిందే.

బిగింపంతా అయ్యాక స్టార్ట్ చేసేముందు బ్రీదర్ పైపు, అంటే ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే పైపు, తీసి నోటితో ఊదకుండా పంపు గాలి కొట్టి చూడండి. అది మూసుకుపోయి ఉంటే క్రాంక్‌కేస్‌లో, అంటే క్రాంక్ తిరిగే ఇంజన్ కింది భాగంలో, ప్రెషర్ పెరిగి, ఎంత బాగా వేసిన సీల్‌లోంచైనా ఆయిల్‌ని బయటికి తోసేస్తుంది.