మాట వినే ప్రార్థన

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

మన ఇళ్లలో పిల్లవాడి గురించి "వాడు మాట వినడు" అంటాం. వాడికి చెవులు పనిచేయవని కాదు, చెప్పింది చేయడని. తెలుగులో వినడమంటే లోబడటం కూడా. "ఇశ్రాయేలూ వినుము" అన్న ద్వితీయోపదేశకాండం 6:4లోని హెబ్రీ మాటకూ ఆ రెండు అర్థాలున్నాయి. ఈ సాయంత్రం మనం మాట్లాడుకునే ప్రార్థన అలాంటి వినడం గురించే.

అడిగే ప్రార్థన మనకు బాగా వచ్చు. ఉపవాస ప్రార్థనల్లో, రాత్రి ప్రార్థనల్లో గంటల తరబడి అడుగుతాం. అడగమని ప్రభువే చెప్పాడు, అందులో తప్పేమీ లేదు. మనకు అలవాటు లేనిది ఆమేన్ తర్వాత ఇంకాసేపు కూర్చోవడం.

మొదటి సమూయేలు 3వ అధ్యాయం చూడండి. మూడుసార్లు దేవుని పిలుపు వచ్చింది, మూడుసార్లూ బాలుడైన సమూయేలు లేచి యాజకుడైన ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. స్వరం వినబడింది, ఎవరిదో తెలియలేదు. దేవుని వాక్కు అతనికి ఇంకా ప్రత్యక్షం కాలేదని 7వ వచనం కారణం చెబుతుంది. అంటే వాక్యం తెలియకుండా స్వరాన్ని గుర్తుపట్టలేం. అందుకే వినే ప్రార్థన కళ్లు మూసుకుని మొదలవదు, బైబిలు తెరిచి మొదలవుతుంది.

మొదట్లో 20 నిమిషాలు చాలు. మన నగరంలో నిశ్శబ్దం దొరికేది తెల్లవారుజామునే. నల్లా వచ్చే రోజైతే నీళ్లు పట్టేశాక కూర్చోండి, చెవి బిందె మీద పెట్టుకుని కూర్చోవద్దు. రెండు గదుల ఇల్లయితే మేడమీదికి వెళ్లండి. ఫోన్‌లో బైబిలు వద్దు. వచనం మధ్యలో వాట్సాప్ మెసేజ్ వస్తే మనసు అటే పోతుంది. కాగితపు బైబిలు, ఒక నోట్‌బుక్, పెన్ను ఉంటే సరిపోతుంది.

ఎనిమిది నుంచి పన్నెండు వచనాలు తీసుకోండి, అధ్యాయం మొత్తం వద్దు. మొదట పైకి చదవండి. రెండోసారి నెమ్మదిగా. మూడోసారి ఏ మాట దగ్గర మనసు ఆగిందో అక్కడే ఆగి, ఆ మాటనే మెల్లగా పలుకుతూ ఉండండి. మౌనం, ధ్యానం అంటే మనది కాని పద్ధతేమోనని కొందరు విశ్వాసులు భయపడతారు. మొదటి కీర్తనలో "ధ్యానించువాడు" అన్నచోట ఉన్న హెబ్రీ క్రియకు గొణగడం అని అర్థం. యెషయా 31:4లో ఎర మీద నిలబడి గుర్రుమనే సింహానికీ అదే క్రియ వాడారు. కాబట్టి ఇది మనసును ఖాళీ చేసుకోవడం కాదు, వాక్యాన్ని నెమరు వేసుకోవడం. 12వ శతాబ్దంలో రెండవ గీగో అనే క్రైస్తవ సన్యాసి, మౌనానికి పేరుపడ్డ కార్తూసియన్ మఠాలవాడు, దీన్నే నాలుగు మెట్లుగా రాశాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో నిలిచి ఉండటం. మనం మూడో మెట్టుతో మొదలుపెట్టి అక్కడే ముగిస్తాం.

నిద్ర వస్తే నిలబడి చదవండి. పప్పు, కరెంటు బిల్లు గుర్తొస్తే నోట్‌బుక్ చివరి పేజీలో రాసి తిరిగి వచనానికి రండి. పదిసార్లు పక్కకు పోయిన మనసును పదిసార్లూ వెనక్కి తీసుకురావడం కూడా ప్రార్థనే.

అసలు ప్రమాదం వేరే ఉంది. మన కోరికనే దేవుని స్వరమనుకోవడం. కొత్త సంవత్సరం ఆరాధనలో తీసిన వాగ్దాన కార్డు మీద, మీ మేలు కోసమే ఆలోచిస్తున్నానని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 ఉంటుంది. ఇంట్లో అబ్బాయి అమెరికా వీసా కోసం ఎదురుచూస్తుంటాడు. వీసా ఖాయమని దేవుడు చెప్పాడంటారు. అది రాకపోతే విశ్వాసమే కదిలిపోతుంది. దానికి ముందున్న వచనం ఎందుకు చదవలేదు? బబులోనులో 70 ఏళ్లు గడవాలని అక్కడే ఉంది. 5వ వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అని ఉంది. అది చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం. ముందు వెనక చదివి ఉంటే ఆ ఇంటికి వీసా కబురుకు బదులు ఓపిక దొరికేది.

ఇంకొకరి జీవితం గురించి "ప్రభువు నాతో చెప్పాడు" అనేటప్పుడు మరీ జాగ్రత్త కావాలి. ఆ మాటతో పెళ్లి సంబంధాలు కుదిర్చారు, ఆపారు. ఆ మాటకు ఎదురు చెప్పలేక ఎందరో ఆడపిల్లలు తలవంచారు. 1 థెస్సలొనీకయులు 5:21 సమస్తాన్ని పరీక్షించమంటుంది. విన్నదాన్ని తేదీతో రాసుకోండి. వాక్యం మొత్తానికి అది సరిపోతుందా చూడండి. మీకు మొహమాటపడని ఇద్దరు పెద్ద విశ్వాసులకు చూపించండి. తొందరపెట్టేది, భయపెట్టేది, మిమ్మల్ని గొప్ప చేసేది అయితే కొన్ని వారాలు ఆగండి.

కొన్ని రోజులు ఏమీ వినబడదు. ఆ రోజు చదివిన వచనాలే ఆ రోజు మాట, లేచి పనికి వెళ్లండి. కొన్ని రోజులు వినకూడదనుకున్నదే వినబడుతుంది. ఆఫీసులో మీరు రెండు నెలలుగా మాట్లాడని మనిషి ముఖం పదేపదే గుర్తొస్తుంది. దాన్ని పరధ్యానమని తోసేయకండి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమనే మత్తయి 5:23-24 తెరిచి చూడండి.

సమూయేలు మొదటిసారి విన్న సందేశం ఏమిటో గుర్తుందా? తనను పెంచిన ఏలీ ఇంటి మీద తీర్పు. ఆ మాట చెప్పడానికి అతను భయపడ్డాడు. తెల్లవారేదాకా పడుకుని, లేచి, ఎప్పటిలా మందిరం తలుపులు తీశాడు. ఏలీ పిలిచి అడిగాక ఏమీ దాచకుండా చెప్పాడు.