రాయి, కంచు, ఉక్కు: ఆదివారం హుస్సేన్‌సాగర్ దగ్గర

అందరికీ నమస్కారం.

వచ్చే ఆదివారం మన కాలనీ పిల్లలూ పెద్దలూ కలిసి హుస్సేన్‌సాగర్ దగ్గరి పెద్ద విగ్రహాలు చూడటానికి వెళ్తున్నాం. ముప్పై ఏళ్లు బడిలో డ్రాయింగ్ చెప్పిన మనిషిని కాబట్టి, వెళ్లేముందు నాలుగు మాటలు చెప్పమన్నారు.

కొన్నేళ్ల కిందట ఒక బడి పిల్లలకు తోడుగా ఇలాగే వెళ్లాను. ఒక్క రోజులో లుంబినీ పార్కు, బిర్లా మందిర్, జూ, గోల్కొండ. బస్సు దిగడం, తలలు లెక్కపెట్టడం, మళ్లీ ఎక్కడం. బుద్ధుడి దగ్గర పడవ దిగిన పది నిమిషాలకే విజిల్ వేశారు. సాయంత్రం ఒక పాపను "బుద్ధుడి చెయ్యి ఎలా ఉందమ్మా?" అని అడిగితే కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. ఆ పిల్ల చూడలేదు, చూడనివ్వలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. అందుకే ఈసారి మూడంటే మూడే చూద్దామని పట్టుబట్టాను. ఒకటి రాయి, ఒకటి కంచు, ఒకటి ఉక్కు. మూడూ ఆ చెరువు దగ్గరే ఉన్నాయి.

ముందు రాయి సంగతి. మన బుద్ధుడు ఏకశిల. ఎత్తు 58 అడుగులు, బరువు వందల టన్నులు. యాదగిరిగుట్టకు వెళ్లేటప్పుడు రాయగిరి వస్తుంది కదా, ఆ రాయి అక్కడిదే. గణపతి స్థపతి గారి ఆధ్వర్యంలో శిల్పులు తెల్ల గ్రానైటును ఉలితో చెక్కారు. అంత బరువును రోడ్డు మీద చెరువు దాకా తెచ్చారు. 1990 మార్చి 10న బల్లకట్టు మీద నీళ్లలోకి తీసుకెళ్తుంటే అది ఒరిగిపోయింది. విగ్రహం మునిగింది, పనిలో ఉన్న మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండున్నరేళ్లకు పైగా బుద్ధుడు నీళ్ల అడుగునే ఉన్నాడు. 1992 డిసెంబర్ 1న చెరువు మధ్యలో జిబ్రాల్టర్ రాక్ అనే బండ మీద నిలబెట్టారు. పడవ దిగగానే సెల్ఫీకి ముందు ఆ మనుషులను ఒక్క క్షణం తలుచుకుందాం. పిల్లలకు కూడా ఈ సంగతి చెప్పండి, దాచకండి.

ఇప్పుడు అందరూ ఒక పని చేయండి. కుడి చెయ్యి ముందుకు చాచి అలాగే ఉంచండి. నేను మాట్లాడుతూనే ఉంటాను, దించకండి. భుజం దగ్గర లాగుతోంది కదా? రాయికీ అక్కడే కష్టం. గ్రానైటు మీద ఎంత బరువు పెట్టినా మోస్తుంది, కానీ లాగితే తట్టుకోలేదు, పగులుతుంది. అందుకే రాతిలో చెక్కే శిల్పి చేతిని గాలిలోకి చాచనివ్వడు. బుద్ధుడి చెయ్యి అభయముద్రలో ఒంటికి దగ్గరగానే ఉంటుంది చూడండి. భయపడకు అనే ఆ చెయ్యి రాయి బలానికి తగ్గట్టే కుదిరింది. ఇక చేతులు దించండి.

తర్వాత ఎన్టీఆర్ గార్డెన్స్ పక్కన ఉన్న అంబేడ్కర్ విగ్రహం దగ్గరికి వెళ్తాం. 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించారు. పీఠం 50 అడుగులు, పార్లమెంటు భవనం ఆకారంలో ఉంటుంది. దాని మీద విగ్రహం 125 అడుగులు. చేసింది రామ్ సుతార్ గారు. ఎడమచేతిలో పుస్తకం, కుడిచెయ్యి మాత్రం పూర్తిగా ముందుకు చాచి వేలు చూపిస్తుంది. ఇందాక మీరు చాచిన చెయ్యే అది! లోపల ఉక్కు అస్థిపంజరం, పైన కంచు రేకుల చర్మం ఉన్నాయి కాబట్టి ఆ చెయ్యి నిలిచింది. మరీ పాదాల దగ్గర నిలబడితే గడ్డం కింది భాగమే కనిపిస్తుంది. దూరంగా మొదలుపెట్టి మెల్లగా దగ్గరికి నడవండి. మొహం ఎక్కడినుంచి బాగా కనిపించిందో పిల్లలు అక్కడ ఆగి గుర్తు పెట్టుకోవాలి.

మూడోది సచివాలయం ఎదుట ఉన్న తెలంగాణ అమరవీరుల స్మారకం, 2023 జూన్ 22న ప్రారంభమైంది. ప్రమిద, అందులో జ్యోతి. శిల్పి రమణారెడ్డి గారు. మెరిసే స్టెయిన్‌లెస్ స్టీల్ కాబట్టి ఆకాశం ఏ రంగులో ఉంటే అదీ ఆ రంగులోకి వస్తుంది. మధ్యాహ్నం కళ్లు చెదురుతాయి. పొద్దుగూకేటప్పుడు చూడాల్సిందే.

ఈ వెలుగు లెక్క చూసే మన టైమింగు పెట్టుకున్నాను. ట్యాంక్‌బండ్ చెరువుకు తూర్పు వైపు. ఉదయం ఆరున్నరకు అక్కడ నిలబడితే సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు, బుద్ధుడి మీద మెత్తని ఎండ పడుతుంది. 1986లో ఎన్టీఆర్ హయాంలో పెట్టిన మహనీయుల విగ్రహాలూ ఆ కట్ట మీదే ఉన్నాయి. పిల్లలకు తలా ఒకరిని పంచుతాను. మొల్ల, వేమన, జాషువా, శ్రీశ్రీ, మఖ్దూం. ఎవరి మనిషి గురించి వాళ్లు ఇంట్లో అడిగి తెలుసుకుని రావాలి. అది మాత్రం తప్పించుకోవడానికి వీల్లేదు.

టిఫిన్ తర్వాత లుంబినీ పార్కు తెరవగానే పడవ ఎక్కుదాం. లైఫ్ జాకెట్ వేసుకోకుండా ఎవరూ కూర్చోవద్దు. గేటు దగ్గర బ్యాగులు తనిఖీ చేస్తారు, చిరాకు పడకండి. 2007 ఆగస్టు 25న అక్కడ బాంబు పేలి ప్రాణాలు పోయాయి. టికెట్ల వేళలు శనివారం మరోసారి కనుక్కుని గ్రూపులో పెడతాను.

ఎండ ముదిరాక ఇళ్లకు వచ్చేద్దాం. పెద్దవాళ్లు కాసేపు నడుం వాల్చాలి. నాలుగున్నరకు మళ్లీ బయలుదేరి కంచు, ఉక్కు చూద్దాం. మెట్రోలో వచ్చేవాళ్లు లకడీకాపూల్‌లో దిగి ఆటో మాట్లాడుకోండి, పార్కింగ్ టెన్షన్ ఉండదు. ఎప్పుడైనా చుట్టాలను తీసుకెళ్లాలనుకుంటే మాత్రం గణేశ్ నిమజ్జనం రోజులు వదిలేయండి, ఆ రోడ్లలో బండి కదలదు.

నాగార్జునసాగర్‌లో 274 ఎకరాల బుద్ధవనం ఉంది కదా, అక్కడికి ఎందుకు వద్దని ఒకరిద్దరు అడిగారు. జాతక కథల శిల్పాలు, మహాస్తూపం, నాకూ చాలా ఇష్టం. కానీ సుమారు 150 కిలోమీటర్లు, పూర్తి రోజు కావాలి. చలికాలంలో దానికోసమే ప్రత్యేకంగా పెట్టుకుందాం.

తెచ్చుకోవాల్సినవి: టోపీ, నీళ్ల సీసా, ఒక తెల్ల కాగితాల నోటుబుక్కు, పెన్సిల్. రబ్బరు వద్దు. ప్రతి విగ్రహం దగ్గరా మొదటి పది నిమిషాలు ఫోన్లు జేబులోనే ఉండాలి. ఆ పది నిమిషాలూ పెద్దలూ పిల్లలూ ఒక్క చెయ్యి మాత్రం గీయాలి. గీత వంకర పోయినా ఫర్వాలేదు, నేను పక్కనే ఉంటాను.

పేర్లు ఇవ్వనివాళ్లు ఇప్పుడే ఇచ్చేయండి. ఆదివారం ఉదయం ఆరింటికల్లా కాలనీ గేటు దగ్గర కలుద్దాం.