పురుగుమందు డబ్బా ఇంట్లో ఎందుకుంది? ముందు దీనికి జవాబు చెప్పండి!

నమస్కారం అన్నా, నమస్కారం అక్కా. అనంతపురంలో రైతు చనిపోయిన ప్రతిసారీ టీవీల్లో అదే పంచాయితీ. అప్పుల వల్లా, ఇంట్లో గొడవల వల్లా? చావుకు కారణం తేల్చే త్రిసభ్య కమిటీ ఏం రాసింది? 7 లక్షల పరిహారం వస్తుందా, రాదా? అది తేలాల్సిందే, ఆ ఇంటికి డబ్బు అందాల్సిందే. కానీ మనిషి బతికుండగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పురుగుమందు డబ్బా ఇంట్లో ఎందుకుంది?

మళ్లీ అడుగుతున్నా. డబ్బా. ఇంట్లో. ఎందుకుంది?

అప్పు ఏళ్ల తరబడి పెరుగుతుంది. చచ్చిపోదామన్న తెగింపు మాత్రం చాలామందిలో కాసేపే ఉంటుంది. ఆ గండం దాటి బయటపడినవాళ్లలో ఎక్కువమంది తర్వాత ఆత్మహత్యతో పోరు. అంటే ఆ కాసేపట్లో చేతికి ఏది అందుతుందన్నదే ప్రాణం!

శ్రీలంక చూడండి. 1995 నుంచి బాగా విషమున్న మందుల్ని ఒక్కొక్కటే నిషేధించుకుంటూ వచ్చింది. రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం పడిపోయింది. అక్కడి రైతుల అప్పులన్నీ తీరిపోయాయా? లేదు. దిగుబడి కూలిపోయిందా? అదీ లేదు.

"సరే, పెట్టెలో పెట్టి బీగం వేస్తాం" అంటారా? అదే శ్రీలంకలో 180 పల్లెల్ని తీసుకుని, సగం పల్లెల్లో ఇంటింటికీ బీగం పెట్టెలిచ్చి, మిగతా సగంతో పోల్చి చూశారు. 2017లో ఫలితం వచ్చింది, తేడా ఏమీ కనపడలేదు. నన్నడిగితే బీగంచెవి కూడా ఆ ఇంట్లోనే ఉంటే ఇంకేం తేడా వస్తుంది? తమిళనాడులో కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర ఊరందరికీ కలిపి ఒక గది పెట్టి, రైతుకో పెట్టె ఇచ్చారు. చిన్న ప్రయత్నమే, కానీ అక్కడ పురుగుమందు ఆత్మహత్యలు తగ్గాయి. మన ప్రతి రైతు సేవా కేంద్రంలో ఒక ఇనుప బీరువా పెట్టడానికి ఏం అడ్డం?

అసలు ఇంట్లోకి అంత మందు ఎట్లా వస్తోంది? అంగట్లో అరువు. పావు లీటరు చాలే చోట లీటరు డబ్బా చేతిలో పెడతారు, మిగిలింది అటకెక్కుతుంది. ఎన్ని ట్యాంకులు కొట్టాలో లెక్కేసుకుని, ఆ పూటకే తెచ్చుకోండి. చిన్న ప్యాకింగే ఇమ్మని గట్టిగా అడగండి.

ఇంకోటి, కాలం చూసుకోవాలి. జూన్, జులైలో బుడ్డలు, అంటే వేరుశనగ, విత్తితే నలభై, నలభై ఐదు రోజులకు కాయ పట్టే ఊడలు నేలలోకి దిగాలి. అప్పుడు బెట్ట పట్టి నేల గట్టిపడితే ఊడ లోపలికి పోదు. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది, కాబట్టి ఊరికి తెలీదు. రైతుకు తెలుసు! పీకేదాకా ఆ దిగులు ఒక్కడే మోస్తాడు. అదే టైముకి తాకట్టు పెట్టిన బంగారం వేలం నోటీసు వస్తుంది. రచ్చకట్టకు రావడం మానేసినా, నిద్ర పోకున్నా, ఉన్నట్టుండి ఎద్దుల్ని అమ్మేసి లెక్కలన్నీ భార్యకు అప్పజెప్పినా, ఊరుకోవద్దు.

"ధైర్యంగా ఉండన్నా" అని భుజం తట్టి పోవద్దు. పక్కన కూర్చుని నేరుగా అడగండి: "అన్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతుంది. ఔనంటే ఒంటరిగా వదలొద్దు. డబ్బా ఆ ఇంటినుంచి మీరే తీసుకుపోండి. అక్కడే ఉండి 14416కు ఫోన్ కలపండి. టెలి మానస్, 2022 అక్టోబర్ నుంచి ఉంది, ఉచితం, రాత్రీ పగలూ, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పటికే ఏదైనా తాగుంటే 108. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాపి కక్కించొద్దు, కక్కేటప్పుడు మందు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తడిసిన బట్టలు తీసేసి ఒళ్లు కడగండి, ఎడమ పక్కకు పడుకోబెట్టండి. డబ్బా మీది లేబుల్ డాక్టరుకు చూపించాలి, ఏ మందో తెలిస్తేనే విరుగుడు. కేసవుతుందని భయపడి ఊరి ఆర్ఎంపీ దగ్గర గంటలు పోగొడుతున్నారు. ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత 309 సెక్షన్ 2024 జులై 1 నుంచి లేదు. ఆసుపత్రిలో రాసుకునేది రికార్డు కోసం, శిక్ష కోసం కాదు.