వీధికీ ట్రాక్‌కీ ఒకటే బ్రేక్ ప్యాడ్ చాలా? విజయనగరం నుంచి నా రివ్యూ

నమస్కారం అండి. ఇదిగో, ఈ బల్ల మీద మూడు సెట్ల బ్రేక్ ప్యాడ్లు పెట్టాను, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్క్‌ని రెండు వైపులా పట్టి కారుని ఆపే పలకలు. ఎడమ వైపుది కారుతో పాటు కంపెనీ వేసి ఇచ్చే మామూలు ప్యాడ్. మధ్యలోది రోడ్డు మీద రోజూ తిరగడానికీ, అప్పుడప్పుడు రేసు ట్రాక్‌కీ పనికొస్తుందని అమ్మే రకం. కుడి వైపుది అచ్చంగా రేసు ప్యాడ్. మూడూ స్విఫ్ట్ లాంటి చిన్న కారు ముందు చక్రాలకి పట్టేవే. ఏ కంపెనీ వాళ్లూ పంపలేదు. రెండు సెట్లు నావి, ఒకటి మా బావమరిదిది. కాబట్టి మొహమాటాలేమీ లేవు.

ముందు తీర్పు చెప్పేస్తాను, కారణాలు తర్వాత తీరిగ్గా. ఏడాదికి ఒకటీ అరా ట్రాక్ డేకి, అంటే సొంత కారుని రేసు ట్రాక్ మీద నడపనిచ్చే రోజుకి, వెళ్లేవాళ్లు మధ్యలోది కొనుక్కోండి, అయితే దానికన్నా ముందు బ్రేక్ ఆయిల్, అంటే పెడల్ తొక్కిన బలాన్ని చక్రాల దాకా చేర్చే ద్రవం, మార్చండి. తరచూ వెళ్లేవాళ్లు రెండు సెట్లు ఉంచుకుని ట్రాక్ దగ్గర మార్చుకోండి. రేసు ప్యాడ్ వేసుకుని మాత్రం మూడు లాంతర్ల జంక్షన్‌లో తిరక్కండి.

ఎందుకంటే రేసు ప్యాడ్ ఖరీదు ఎక్కువ, రేసు కార్లకి వేస్తారు, అందుకని బ్రహ్మాండంగా ఆపేస్తుందని కుర్రాళ్లు అనుకుంటారు. ఆపుతుంది, వేడెక్కాక. ఈ రకాల్లో చాలావాటికి సరైన పట్టు మొదలయ్యేదే 150, 200 డిగ్రీలు దాటాక. పొద్దున్నే కారు తీసి బాలాజీ మార్కెట్ వైపు వస్తున్నారు, సందులోంచి ఆటో దూసుకొచ్చింది అనుకోండి. డిస్క్ ఇంకా చల్లగానే ఉంటుంది, వానాకాలమైతే తడిగా కూడా ఉంటుంది. అలవాటు చొప్పున తొక్కినంత తొక్కితే కారు ఆగదు, ఇంకా గట్టిగా తొక్కాలి. ఆ తేడా కాలికి తెలిసేలోపే ఆటో వెనక బంపర్ దగ్గరికి వెళ్లిపోతాం. ట్రాక్ మీద ఆటోలు, గేదెలు అడ్డం రావు. అక్కడ ప్రతి మలుపూ ముందే తెలుసు, మొదటి ల్యాప్, అంటే మొదటి చుట్టు, మెల్లగా వెళ్లి బ్రేకులు వేడి చేసుకుంటారు. మనూళ్లో ఆ మొదటి ల్యాప్ ఎప్పటికీ పూర్తవదు.

దానికి తోడు చప్పుడు. మీరు వస్తున్నారని వీధి మొదట్లోనే ఇంట్లోవాళ్లకి తెలిసిపోతుంది. డిస్కులు కూడా బేగి అరుగుతాయి. ఇంకోటి, ఆ ప్యాడ్ పొడిలో ఇనుము పాలు ఎక్కువ. భోగాపురం, పూసపాటిరేగ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆ పొడి తడిసి అల్లాయ్ చక్రాల మీద తుప్పు చుక్కల్లా పట్టేస్తుంది, తర్వాత కడిగినా వదలదు.

సరే, మరి ఉన్న మామూలు ప్యాడ్‌తోనే ట్రాక్‌కి వెళ్లిపోతే ఏటి అంటారా? లెక్క చూద్దాం. డ్రైవరుతో కలిపి కారు బరువు 1000 కిలోలు అనుకుందాం. గంటకి 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు 386 కిలోజౌళ్లు. అదే 140 నుంచి 60కి తగ్గిస్తే 617. కారు ఆగనే లేదు, వేడి మాత్రం ఒకటిన్నర రెట్లు పైనే. వేగం వర్గంతో పెరిగే లెక్క కాబట్టి అంత తేడా. రోడ్డు మీద అలాంటి బ్రేకు ఎప్పుడో ఒకసారి వేస్తాం. ట్రాక్ మీద ఒక ల్యాప్‌లోనే చాలాసార్లు వేస్తాం, మధ్యలో చల్లారే టైమ్ ఉండదు. డిస్కులు 500 డిగ్రీలు దాటడం అక్కడ మామూలే. మామూలు ప్యాడ్లు చాలావరకు 300, 400 మధ్యలోనే పట్టు వదలడం మొదలుపెడతాయి. వాటిలో పొడులన్నిటినీ పట్టి ఉంచే జిగురు, అంటే రెజిన్, ఆ వేడికి విరిగి వాయువులు వదులుతుంది. డిస్క్‌కీ ప్యాడ్‌కీ మధ్య ఆ వాయువు చేరితే ఇక రాపిడి ఎక్కడుంటుంది?

మన దగ్గర్లో పెద్ద ట్రాక్ అంటే చెన్నై అవతల ఇరుంగట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ట్రాక్, 3.7 కిలోమీటర్లు. విజయనగరం నుంచి 800 కిలోమీటర్ల పైమాటే. కోయంబత్తూరు కారి స్పీడ్‌వే 2.1 కిలోమీటర్లు, చిన్నది. నోయిడా వైపు బుద్ధ్ సర్క్యూట్ 5.125. తిన్నటి దారి ఎంత పొడవుంటే చివర్లో వేగం అంత, బ్రేకు మీద వేడి అంత. కారికి సరిపోయిన ప్యాడ్ బుద్ధ్‌లో చాలకపోవచ్చు. ఏ ట్రాక్‌కి వెళ్తున్నారో తెలియకుండా ప్యాడ్ కొనడం డబ్బు దండగ.

కానీ నిజం చెప్పండి, మనలో ఎంతమంది ఏటా మద్రాసు వెళ్తారు? మనకి ఏడాది పొడుగునా ఉండే పరీక్ష శృంగవరపుకోట దాటాక మొదలయ్యే అరకు ఘాట్. అక్కడ వేడి తీరు వేరు. అదే 1000 కిలోల కారు 100 మీటర్ల ఎత్తు దిగిందంటే 980 కిలోజౌళ్లు. గేరు సాయం లేకుండా బ్రేకు మీదే దించితే, 100 స్పీడు నుంచి రెండున్నర సార్లు పూర్తిగా ఆపినంత. అరకు ఉన్నదే దాదాపు 900 మీటర్ల ఎత్తులో, ఎంత దిగాలో మీరే గుణించుకోండి. ట్రాక్ మీద వేడి ఒక్కసారిగా పైకి లేచి, తిన్నటి దారిలో గాలికి కాస్త దిగుతుంది. ఘాట్‌లో వేగం తక్కువ, గాలి తక్కువ, కాలు పెడల్ మీదే ఉంటుంది. వేడి మెల్లగా ప్యాడ్ వెనక్కి పాకి, దాన్ని డిస్క్ మీదకి నొక్కే పిస్టన్‌లోకి, అక్కణ్ణుంచి ఆయిల్‌లోకి చేరుతుంది. సాలూరు లారీ డ్రైవర్లని అడగండి, సుంకి ఘాట్ ఎలా దిగుతారో. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలంటారు. నాలుగు చక్రాల బండి ఉన్న ప్రతివాడికీ ఆ మాట పనికొస్తుంది.

ఇక్కడ కాస్త నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే ఇది తెలియకే చాలామంది మంచి ప్యాడ్లు కొని కూడా తిట్టుకుంటారు. బ్రేక్ పట్టలేదు అన్నప్పుడు మీ కాలు ఏం చెప్పిందో గుర్తు తెచ్చుకోండి. పెడల్ గట్టిగానే ఉంది, ఎంత తొక్కినా కారు మాత్రం ఆగడం లేదంటే ప్యాడ్ పట్టు వదిలింది. పెడల్ మెత్తగా అయిపోయి కిందికంటా వెళ్లిపోతోందంటే ఆయిల్ మరిగింది, లోపల బుడగలు పుట్టాయి. ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు, బుడగని నొక్కితే కుంచించుకుపోతుంది, అంతే సంగతి. మొదటిదానికి మందు ప్యాడ్ మార్చడం. రెండోదానికి ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా లాభం లేదు.

బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత చూడండి, డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230, డాట్ 5.1 అయితే 260. ఈ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. 3.7 శాతం నీరు చేరితే ఆ అంకెలు వరసగా 140, 155, 180కి పడిపోతాయి. మన కోస్తా గాలిలో తేమ సంగతి వేరే చెప్పాలా! మూడేళ్లుగా మార్చని ఆయిల్‌తో ట్రాక్‌కి వెళ్లేవాడు, రేసు ప్యాడ్ వేసినా, మూడో ల్యాప్‌కే పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే చోటికి, వచ్చేస్తాడు. నేనైతే రోడ్డుకి రెండేళ్లకోసారి, ట్రాక్‌కి వెళ్లే ముందు ప్రతిసారీ మార్చమంటాను. ఒక్క హెచ్చరిక: ఉత్త డాట్ 5 అని ఉన్నది సిలికాన్ ఆయిల్, వీటితో కలవదు. అంకె చూసి ఇది ఇంకా మంచిదేమో అని పోసేయకండి.

ఇప్పుడు ప్యాడ్ దగ్గరికి వద్దాం. కెమెరా కొంచెం దగ్గరగా తే. చూడండి, వెనక రేకు మీద కానీ అంచు మీద కానీ చిన్న అక్షరాలు ఉంటాయి. కంపెనీ పేరు, కాంపౌండ్ (ప్యాడ్ పదార్థం) నంబరు, చివర రెండు ఇంగ్లీషు అక్షరాలు. ఈ మామూలు ప్యాడ్ మీద ఎఫ్ఎఫ్ అని ఉంది. మొదటి అక్షరం చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడిగా ఉన్నప్పటిది. ఇ అంటే రాపిడి విలువ 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జి అంటే 0.45 నుంచి 0.55, హెచ్ అంటే అంతకు పైన. మొదటిది ఎఫ్, రెండోది ఇ అయితే వేడెక్కేకొద్దీ బలం తగ్గుతుందని అర్థం, ఘాట్ రోడ్డుకి అది వద్దు. కానీ ఈ అక్షరాలు చూసి ట్రాక్‌కి ప్యాడ్ ఎంచకండి. ఆ పరీక్ష చిన్న ముక్క మీద, 300 చిల్లర డిగ్రీల దాకానే చేస్తారు. 600 దగ్గర ఏమవుతుందో ఆ అక్షరాలకి తెలియదు.

కొన్నిటి మీద వృత్తంలో ఇ అక్షరం, పక్కన 90ఆర్ అని మొదలయ్యే నంబరు కూడా కనిపిస్తుంది. యూరప్ నిబంధన అది. ఒరిజినల్ ప్యాడ్ పనితీరుకి 15 శాతం అటూ ఇటూ లోపలే ఉండాలి. రోజువారీ వాడకానికి నేను వెతికేది ఈ ముద్రే. అచ్చమైన ట్రాక్ రకాల్లో చాలావాటికి ఇది ఉండదు.

మధ్య రకంలో పేర్లు అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఫెరోడో డీఎస్2500 ఎన్నాళ్ల నుంచో ఉన్నది. సగటు రాపిడి 0.42, 20 డిగ్రీల నుంచి 500 దాకా అని కంపెనీ చెప్పుకుంటుంది. ఆ 20 అన్న అంకె చూశారా, చల్లగా ఉన్నా పట్టు ఉంటుందన్నమాట. ఈ రకంలో డబ్బులు పెట్టేది దానికే. ఈబీసీ కంపెనీలో రంగుల పేర్లు: రెడ్‌స్టఫ్ రోడ్డు వాళ్లది, పొడి తక్కువ. ఎల్లోస్టఫ్ ట్రాక్ వైపు ఇంకాస్త మొగ్గు. మన చిన్న కార్లకి వీటిలో అన్నీ దొరకవు. రేకు ఆకారం, మందం సరిపోతేనే కొనాలి, పాత ప్యాడ్ తీసి పక్కన పెట్టి కొలుచుకోండి. ధర ఒరిజినల్ సెట్టుకి ఎన్నో రెట్లు. ఘాట్ వరకే మీ అవసరమైతే రానే, బాష్, టీవీఎస్ గిర్లింగ్ లాంటివాటిలో మంచి సెట్టు, కొత్త ఆయిల్, గేరులో దిగే అలవాటు, ఈ మూడూ చాలు.

కొన్నాక వెంటనే గట్టిగా తొక్కకూడదు. కొత్త పెనం మీద మొదటి అట్టు అతుక్కుపోతుంది చూడండి, పెనం పదును పడే దాకా ఓపిక పట్టాలి, ఇదీ అంతే. ప్యాడ్ పదార్థం పలచటి పొరగా డిస్క్ మీద సమంగా పరుచుకోవాలి. ట్రాఫిక్ లేని తిన్నటి రోడ్డులో, తెల్లవారుజామున, వెనక ఎవరూ లేరని చూసుకుని, 60 నుంచి 20కి ఎనిమిది, పది సార్లు తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు. తర్వాత బ్రేకు తాకకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వండి. వేడి మీద కారు ఆపి పెడల్ తొక్కి పట్టుకుంటే ప్యాడ్ ఆకారంలో డిస్క్ మీద మచ్చ పడుతుంది. తర్వాత స్టీరింగ్ వణికితే డిస్క్ వంగిపోయిందని మెకానిక్ అంటాడు. చాలాసార్లు వంగింది ఏమీ ఉండదు, ఆ మచ్చే.

రెండు సెట్ల వాళ్లకి ఒక మాట. ట్రాక్ దగ్గర మార్చడం పెద్ద పనేం కాదు. జాకీతో పాటు స్టాండు తప్పకుండా పెట్టండి. చక్రం తీసి, ప్యాడ్లని పట్టి ఉంచే క్యాలిపర్ కింది బోల్టు విప్పితే అది పైకి లేస్తుంది. పిస్టన్‌ని సీ క్లాంప్‌తో మెల్లగా లోపలికి తోయండి, ఆయిల్ డబ్బా పొంగుతుందేమో చూసుకోండి. క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడింగ్ పిన్నులు ఎండిపోయి ఉంటే దానికి సంబంధించిన గ్రీజు రాయండి. అన్నీ బిగించాక, ఇంజిన్ ఆన్ చేసి కారు కదిలించే ముందు, పెడల్ గట్టిపడే దాకా నాలుగైదు సార్లు తొక్కండి. ఇది మరిచిపోయారంటే మొదటి తొక్కుడుకి పెడల్ నేలకి వెళ్లిపోతుంది. డిస్క్ మీద పాత ప్యాడ్ పొర ఉంటుంది కాబట్టి కొత్తది మళ్లీ పదును పట్టాలి. అందుకే రెండు సెట్లూ ఒకే కంపెనీవి, దగ్గరి కాంపౌండువి అయితే తలనొప్పి తక్కువ.

ట్రాక్‌కి సగం కన్నా ఎక్కువ అరిగిన ప్యాడ్‌తో వెళ్లకండి, పలచబడేకొద్దీ వేడి ఆయిల్‌కి బేగి చేరుతుంది. రోడ్డు మీదైతే 3 మిల్లీమీటర్లు మిగిలినప్పుడు మార్చేయండి. సెషన్ అయిపోయాక చివరి ల్యాప్ బ్రేకులు వాడకుండా మెల్లగా తిప్పి, పార్కింగ్‌లో హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేరులో పెట్టి చక్రం కింద రాయి పెట్టండి. ఇంటికి బయల్దేరే ముందు రోడ్డు సెట్టు తిరిగి వేయండి, ఎంత అలిసిపోయినా సరే. 800 కిలోమీటర్ల హైవే మీద, టోల్ గేట్ల ముందు, మీకు కావాల్సింది చల్లగా ఉన్నప్పుడు కూడా దొరికే పట్టే.

వెనక చక్రాల గురించి అడుగుతారని తెలుసు. ఈ కారుకి వెనక డ్రమ్ములే, ప్యాడ్లు కాదు, డ్రమ్ముని లోపలి నుంచి ఒరుసుకుని ఆపే లైనర్లు. ముందు ప్యాడ్ బాగా పట్టేది వేసి వెనకవి అరిగిపోయినా వదిలేస్తే ముందు చక్రాల మీదే భారమంతా పడుతుంది, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఊరికే లేస్తుంది. వచ్చే వీడియోలో వెనక డ్రమ్ములు రెండూ విప్పుతాను. నా కారుకి ఎడమ వైపు లైనర్ కుడి వైపు దానికన్నా ఎక్కువ అరిగింది, లైనర్లని తోసే వీల్ సిలిండర్ మీద అనుమానం. ఉంటాను మరి.