తలుపు తీయగానే అడిగే ప్రశ్న

శ్రోతలకు నమస్కారం.

రాత్రి తొమ్మిదిన్నరకు కోచింగ్ ముగించుకుని వచ్చిన పదహారేళ్ళ కుర్రవాడు ఇంకా చెప్పులైనా విప్పకముందే తండ్రి నోట వచ్చే మొదటి మాట, "ఇంతసేపూ ఎక్కడ తగలడ్డావు?" అన్నది కావచ్చు. "ఆలస్యమైందేం నాన్నా, బస్సు దొరకలేదా?" అన్నదీ కావచ్చు. వేళకు ఇల్లు చేరాలన్న నియమం రెండిళ్ళలోనూ ఒక్కటే. అయితే మొదటి ప్రశ్నలో తీర్పు ముందే వెలువడింది, పిల్లవాడికి సంజాయిషీ ఇచ్చుకోవడమే మిగిలింది. కౌమారంలో ఉన్న పిల్లల్లో కనబడే వైరభావానికీ, మనం వారిని పెంచే తీరుకూ ఉన్న సంబంధం గురించి ఈ పూట నేను మాట్లాడబోయేదంతా ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న తేడా గురించే.

కోపం వేరు, వైరభావం వేరు. కోపం పాలపొంగు వంటిది, వస్తుంది, చల్లారుతుంది. వైరభావం మనసులో స్థిరపడిన అపనమ్మకం. 1992లో ఆర్నాల్డ్ బస్, మార్క్ పెర్రీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు రూపొందించిన 29 అంశాల ప్రశ్నావళిలో చేయిచేసుకోవడం, నోరుచేసుకోవడం, కోపం, వైరభావం అనే నాలుగింటినీ విడివిడిగా కొలుస్తారు. తన వెనుక ఎవరో నవ్వుకుంటున్నారనిపించడం, ఎవరైనా మరీ మంచిగా మాట్లాడితే వీళ్ళకు నాతో ఏం పనిపడిందో అని శంకించడం వంటివి వైరభావం కిందికి వస్తాయి. కాబట్టి తలుపులు విసిరి కొట్టే పిల్లవాడిలోనే కాదు, బంధువులందరూ నెమ్మదస్తుడని మెచ్చుకునే పిల్లవాడిలో కూడా అది గూడు కట్టుకుని ఉండవచ్చు.

ఈ శంకించే అలవాటు ఎలా పనిచేస్తుందో అమెరికాలో కెన్నెత్ డాడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1980లో ప్రచురించిన ప్రయోగం చూపింది. ఒక బాలుడు ముక్కలు పేర్చి బొమ్మ తయారుచేస్తుంటాడు, దానిని మరో బాలుడు చెడగొట్టాడని అతనికి తెలుస్తుంది. కావాలని చేశాడో, పొరపాటున జరిగిందో తేలని సందర్భంలో, దుడుకుతనానికి పేరుపడిన పిల్లలు అది కావాలని చేసినట్టే భావించి తిరగబడ్డారు. ఆ పిల్లలు కౌమారానికి కాస్త ముందటి వయసువారే అయినా, ఆ చూపు వయసుతోపాటు దానంతట అది పోయేది కాదు. రోజూ ఇంట్లో తన ప్రతి ఆలస్యానికీ, ప్రతి మరుపుకూ ఒక దురుద్దేశం అంటగట్టబడుతుండగా పెరిగిన పిల్లవాడు, బయట తన భుజానికి ఎవరో తగిలితే అందులోనూ దురుద్దేశాన్నే చదువుకుంటాడని నేను అనుకుంటాను.

పెంపకపు తీరుల గురించి మాట్లాడేవారందరూ 1960లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డయానా బామ్‌రిండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు చేసిన విభజనతోనే మొదలుపెడతారు. ఎదురుచెప్పనివ్వని నిరంకుశత్వం, హద్దులు లేని గారాబం, ఆప్యాయతతో కూడిన కట్టడి అని ఆమె మూడింటిని చెప్పగా, 1983లో మకోబీ, మార్టిన్ అనే పరిశోధకులు అసలు పట్టించుకోకపోవడాన్ని నాలుగవదిగా చేర్చారు. ఈ పేర్ల కన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. ఆమె మెచ్చిన మూడవ తీరులో క్రమశిక్షణ తక్కువేమీ కాదు. "దండం దశగుణం" అని నమ్మే మన పెద్దలు, కట్టడి వద్దంటున్నారని పొరబడి ఈ పరిశోధనలను కొట్టిపారేస్తుంటారు, అది తొందరపాటు. నియమం ఎందుకో చెప్పడం, పిల్లల అభ్యంతరం వినడం, విన్న తరువాత కూడా అవసరమైతే కాదనడం, ఇదంతా కట్టడే.

ఇంట్లో తగవు ఎలా ముదురుతుందో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కుటుంబాలను దగ్గరగా గమనించి వివరించాడు. అది చదివినప్పుడు నాకు మన ఇళ్ళే గుర్తుకు వచ్చాయి. "ఫోను పక్కన పెట్టి చదువుకో" అంటుంది తల్లి. "అయిదు నిమిషాలమ్మా" అంటుంది కూతురు. పావుగంట తరువాత అదే మాట కాస్త గట్టిగా వస్తుంది, జవాబూ గట్టిగానే వస్తుంది. మూడవసారికి అరుపులు, ఫోను లాక్కోబోవడం, "నా బతుకు నన్ను బతకనివ్వరా" అన్న కేక. అప్పుడు తల్లి విసిగిపోయి, "సరే, నీ ఖర్మ" అని వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఇక్కడ ఇద్దరికీ ఏదో దక్కింది. అరిస్తే అమ్మ తగ్గుతుందని కూతురికి తెలిసింది, తాను తగ్గితే గొడవ ఆగుతుందని తల్లికి తెలిసింది. మరునాడు కూతురు తిన్నగా అరుపుతోనే మొదలుపెడుతుంది. ఇంకో రోజు తండ్రి చేయి చేసుకుంటే, ఆ రోజుకు కూతురు తగ్గుతుంది, చేయి చేసుకుంటే పని జరుగుతుందని ఆయన నేర్చుకుంటాడు. నిరంకుశత్వమూ గారాబమూ వేరువేరు ఇళ్ళలో ఉంటాయనుకుంటాం గానీ, ఒకే ఇంట్లో ఒకే సాయంత్రం రెండూ చోటుచేసుకుంటాయి.

దెబ్బలు లేని ఇళ్ళలోనూ మరొక రకం పట్టు ఉంది. బ్రయన్ బార్బర్ అనే పరిశోధకుడు 1990లలో దీనిని మానసిక నియంత్రణ అని ప్రత్యేకంగా పరిశీలించాడు. "మీకోసం మేము కడుపు కట్టుకుంటుంటే నువ్వు చేసేది ఇదా" అని నిష్ఠూరమాడటం, మార్కులు తగ్గాయని మూడు రోజులు మాట్లాడకపోవడం, పిన్ని కొడుకుతో పోల్చడం దీని కిందికే వస్తాయి. హాస్టల్లో ఉంచి ఇంటర్ చదివిస్తున్న తల్లిదండ్రులు సందర్శన రోజున పులిహోర డబ్బా మూత తీస్తూనే "వీక్లీ టెస్టులో ర్యాంకెంత?" అని అడగడం మన రెండు రాష్ట్రాలలోనూ కొత్త కాదు. పాపం, వాళ్ళు ఆ డబ్బా కోసం తెల్లవారుజామున లేచినవారే, వారి ప్రేమను శంకించనక్కరలేదు. కానీ పిల్లవాడి చెవిన ముందుగా పడింది ర్యాంకు.

తప్పంతా తల్లిదండ్రులదేనని చెప్పడం శాస్త్రమూ కాదు, న్యాయమూ కాదు. పుట్టుకతోనే దుడుకైన పిల్లవాడు నెమ్మదైన తల్లి చేత కూడా కేకలు వేయిస్తాడు. పెంపకానికీ వైరభావానికీ మధ్య కనబడే సంబంధం రెండు వైపులా నడుస్తుంది. స్నేహితులు, బడి, ఇంట్లో అప్పులు, తల్లిదండ్రుల మధ్య మనస్పర్థలు కూడా అందులో కలుస్తాయి.

మరి పిల్లల సంగతి ఎలా తెలుసుకోవాలి? స్వీడన్‌లో స్టాటిన్, కెర్ అనే పరిశోధకులు 14 ఏళ్ళ పిల్లలనూ వారి తల్లిదండ్రులనూ అడిగి చూసి, 2000లో ఒక ఆసక్తికరమైన విషయం ప్రకటించారు. పిల్లల గురించి తల్లిదండ్రులకు తెలిసినదానిలో ఎక్కువ భాగం నిఘా వల్ల కాక, పిల్లలు తమంతట తాము చెప్పడం వల్లనే తెలుస్తోందట. ఫోను తాళం కనుక్కోవడానికి పడే పాట్లలో సగం, వాళ్ళు చెప్పేటప్పుడు మధ్యలో అడ్డు రాకుండా ఉండటానికి పడితే చాలునేమో. నా అనుభవంలో వాళ్ళు ఎదురుగా కూర్చోబెట్టినప్పుడు చెప్పరు. బండి మీద వెనుక కూర్చున్నప్పుడో, పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడో చెబుతారు.

కొట్టడం, వస్తువులు పగలగొట్టడం, తనకు తాను హాని చేసుకుంటాననడం వరకు వస్తే మాత్రం ఇంట్లోనే సర్దుకుపోదామని కూర్చోవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీమానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలే కాదు, పిల్లలతో ఎలా మాట్లాడాలో తోచని తల్లిదండ్రులు కూడా చేయవచ్చు.

నమస్కారం.