పెద్దాయన గురించి ఐదు నిమిషాలు

సభకు నమస్కారం.

పెద్దకర్మ రోజు మైకు చేతికి రాగానే చాలామంది నోట వచ్చేవి మూడు మాటలే: అజాతశత్రువు, ప్రేమమూర్తి, తీరని లోటు. పక్కవీధి పెద్దాయనకి చెప్పినా అవి అలాగే అతుకుతాయి. తొంభై ఏళ్లు బతికి, ఏ పదవీ చెయ్యకుండా, ఇల్లే లోకంగా గడిపిన మనిషి గురించి మాట్లాడటం మంత్రిగారి గురించి మాట్లాడటం కంటే కష్టం. పేపరు కత్తిరింపులు ఉండవు. ఉన్నదంతా బీరువాలో, ట్రంకుపెట్టెలో, ఆయన భార్య జ్ఞాపకంలో ఉంటుంది. ఆ ఐదు నిమిషాల మాటలు రాసుకోవడానికి మీకున్న గడువు పది రోజులు.

ముందు పుట్టినరోజు తేల్చుకోండి. బడి సర్టిఫికెట్‌లో జూలై 1 అని ఉంటే అనుమానించండి. బళ్లో వేసుకోవడానికి వయసు సరిపోయేలా అయ్యవారు వేసిన తేదీ అయ్యుండొచ్చు. జాతకం దొరికితే సంవత్సరం పేరు చూడండి. ధాత అంటే 1936 ఉగాది నుంచి 1937 ఉగాది దాకా. దాని పక్కన పుష్యమాసం అని కూడా ఉంటే ఆయన పుట్టింది 1937 జనవరి, ఫిబ్రవరిల్లో. ఏడాది తప్పేది ఎక్కువగా ఇక్కడే. సహస్ర చంద్ర దర్శనం శుభలేఖ ఉన్నా పనికొస్తుంది. వెయ్యి పున్నములంటే సుమారు 80 ఏళ్ల 10 నెలలు. కాకపోతే వేడుక పిల్లల సెలవుల్ని బట్టి చేస్తారు కాబట్టి కాస్త అటూ ఇటూ చూసుకోవాలి.

ఏ కాగితమూ లేకపోతే ఊరి గుర్తులే దిక్కు. దివిసీమలో అయితే 1977 నవంబరు ఉప్పెననాటికి పెద్దబ్బాయి ఏ తరగతో అడగండి. తెలంగాణలో అయితే 1948 పోలీసు చర్యప్పుడు ఈయన బడికెళ్లేవాడా, పశువుల వెంట వెళ్లేవాడా అని అడగండి. గోదావరి ఒడ్డువాళ్లు పుష్కరాలతో చెబుతారు: 1967, 1979, 1991, 2003.

ఇక అసలు గని పద్దుల పుస్తకం. నెల మొదట్లో జీతం పడగానే రాసిన తొలి వరస చూడండి. అమ్మకి మనియార్డరా, పాల బాకీయా, చెల్లెలి కాలేజీ ఫీజా? పన్నెండు నెలలూ అదే వరస మొదట ఉంటే ఆయన ఎవరో మీకు దొరికినట్టే. చదివింపుల పుస్తకం కూడా వదలొద్దు. కూతురి పెళ్లిలో 11 రూపాయలు చదివించిన పేరు ఎదురుగా, వేరే సిరాతో, ఎన్నో ఏళ్ల తర్వాతి తేదీతో 116 అని కనిపించిందనుకోండి. అది చదివించినవాళ్లింటి పెళ్లికి ఈయన గుర్తుపెట్టుకుని తిరిగి ఇచ్చిన లెక్క. ‘మాట తప్పనివారు’ అనే బదులు ఆ రెండు అంకెలు చదవండి, చాలు. అయితే ఎదుటివాళ్ల పేరు మాత్రం పలకొద్దు. ఎవరి బాకీలూ సభలో వినిపించకూడదు.

ఆయన భార్యని అడిగేటప్పుడు నలుగురిలో అడగొద్దు. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక పక్కన కూర్చోండి. ‘ఆయన ఎలాంటివారు?’ అంటే ‘దేవుడండీ’ అంటారు, అక్కడితో అయిపోతుంది. ‘పొద్దున లేవగానే ముందు ఏం చేసేవారు? కోపం వస్తే అన్నం మానేసేవారా, మాట మానేసేవారా?’ అని అడగండి. ఈ రెండో ప్రశ్నకి చాలాసార్లు నవ్వొస్తుంది, ఆ నవ్వుతోపాటు నాలుగు సంగతులు బయటికొస్తాయి. ముక్కోపం ఉంటే ఉందనే చెప్పండి, ఇంట్లోవాళ్ల అనుమతి తీసుకుని.

పాత ఫొటోలు ఆల్బంకి అంటుకుపోయి ఉంటే పీకొద్దు, పైపొర ఊడొస్తుంది. నీడలో, ఫ్లాష్ లేకుండా, అట్టతో సహా ఫోనుతో తీయండి. ఫొటోలో ఎవరెవరో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిలు వాడండి. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే గీత ముందువైపు తేలుతుంది.

ఇప్పుడు రాత. నింపాదిగా చదివితే ఐదు నిమిషాలకి సుమారు 450 మాటలు పడతాయి. అంతకు మించితే విస్తళ్లు వేసే వేళ అవుతుంది, జనం కుర్చీలు జరుపుతారు. ఐదుగురు పిల్లలు, అల్లుళ్లు, కోడళ్లు, మనవలు, మునిమనవలు అని పేర్లు చదవడం మొదలుపెడితే రెండు నిమిషాలు వాటికే పోతాయి. పైగా ఒక కోడలి పేరు జారిందా, ఆ మాట మాసికాల దాకా నడుస్తుంది. పేర్లన్నీ వంశవృక్షంగా పెద్దకర్మ కార్డు వెనక అచ్చు వేయించండి. మైకులో రెండు సంగతులు చెప్పండి, మహా అయితే మూడు.

ముందురోజు రాత్రి ఆ కాగితం ఆవిడకి ఒకసారి చదివి వినిపించండి. ‘కాఫీ కాదయ్యా, ఆయన తాగేది టీ’ అంటారు. దిద్దుకోండి. పెద్ద అక్షరాలతో రెండు ప్రతులు తీసి, రెండోది అల్లుడి చేతిలో పెట్టండి. మీ గొంతు పూడుకుపోతే ఆ వరస నుంచే ఆయన అందుకుంటాడు.